చంద్రకాంతమణి కథ వ్రాసిన విల్కీ కాలిన్సు



వినాయకచవితినాడు అక్షతలు చేత బట్టుకొని శమంతకోపాఖ్యానము విననివారు మనలో నుండరు. ఏటేట వినుచున్నను అది యెట్టి కథయో మనము విచారించి యుండము. ఒక మణి పోయినది. దానిని ధరించి వేటకు బోయిన ప్రసేనుడు తిరిగి రాలేదు. అంతకుముందు ఆ మణిని అడిగినవాడు గనుక శ్రీకృష్ణునిపై లోకము నింద మోపినది. కృష్ణుడు ఆ నిందను మాటలతో త్రోసివేయలేదు. అడవికి బోయి, ప్రసేనుని కళేబరమును చూచి, సింహపు అడుగుజాడలను, అటుపై భల్లూకపు అడుగుజాడలను పట్టుకొని గుహదాక నడచి, మణిని దెచ్చి సత్రాజిత్తు చేతిలో బెట్టెను. వస్తువు పోవుట, నిరపరాధిపై అనుమానము, జాడలు, జాడలను చదువ నేర్చినవాడు, తుదకు నిజము. అపరాధపరిశోధక నవల యని మనము పిలుచుదానికి కావలసిన సామగ్రి యంతయు నిందు కలదు. కీచకుని చావు విన్నంతనే భీముడు విరాటుని కొలువున నున్నాడని సుయోధనుడు ఊహించిన ఘట్టమును ఈ జాతిలోనిదే.

ఇంత తెలిసియు నేను చాలకాలము ఆ నవలలను చిన్నచూపు చూచితిని. ప్రాచ్యకళాశాలలో చదివి, ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడనుగా జేరిన తొలిదినములవి. తొమ్మిదవ తరగతిలో సంధులు చెప్పుచుండగా వెనుక బల్లమీది బాలు డొకడు వాచకము నడుమ చిన్న పుస్తక మొకటి దాచి చదువుచుండెను. లాగికొని చూడగా పరిశోధక నవల. బస్సులు నిలుచు చోటి కొట్టునుండి దినమునకు పావలా అద్దెకు దెచ్చినది. బాలుని బల్లపై నిలువబెట్టి, పుస్తకమును బీరువాలో వేసి తాళము బిగించితిని. సాయంకాలము, పిల్లలను చెఱచునది యేమో తెలిసికొనవలెనను మిషతో దానిని ఇంటికి గొనిపోయి చదువ నారంభించితిని. కోడి కూయు వేళకు చివరకు వచ్చితిని. చివరి ఆకు లేదు! హంతకుడెవడో ఆ యాకులో నున్నది. బాలుని అడుగుటకు పండితాభిమానము అడ్డు వచ్చినది. పుస్తకము 28 దినములు నా బీరువాలోనే పడియుండెను. తక్కిన సంగతి తరువాత చెప్పెదను.

ఆ రాత్రి మొదలు, ఇట్టి కథలు వ్రాయువారు ఏమి చదువుదురు, ఎట్లు వ్రాయుదురు అను కుతూహలము నన్ను విడువలేదు. ఈ జాతి కథకు ఆద్యుడు అమెరికా దేశీయుడైన ఎడ్గార్ అలన్ పో యని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. 1841లో ఆతడు ప్రకటించిన కథ పారిసు నగరమున జరుగును. ఆతడు మాత్రము పారిసు నగరమును ఎన్నడు చూడలేదు. ఫ్రాన్సులో దొంగగా నుండి, పిదప దొంగలను పట్టు అధికారిగా మాఱిన విడాక్ అనువాని జ్ఞాపకములు 1828లో అచ్చుపడగా, వానిని పో యెఱుగును. పుస్తకమే ఆతనికి పారిసు. అయితే ఆతనివి చిన్నకథలు. నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్నవాడు, ఆ మార్గమున ఇంగ్లీషులో పెద్ద నవలను నిర్మించి చూపిన విల్కీ కాలిన్సు. ఈతని నెన్నుకొనుటకు వేఱొక కారణము కలదు. ఈతని ముఖ్యనవల మన దేశపు వజ్రమును గూర్చినది.

కాలిన్సు 1824 జనవరి 8వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి పేరుపొందిన చిత్రకారుడు. తండ్రి చిత్రకళాభ్యాసమునకై కుటుంబముతో ఇటలీకి బోగా, 12, 13 ఏండ్ల ప్రాయమున బాలుడు బడికన్న వీథులనుండియే యెక్కువ నేర్చుకొనెను. తిరిగి వచ్చిన పిదప హైబరీయను చోట నొక వసతిపాఠశాలలో జేర్చిరి. ఆ బడిలో పడకగదికి పెద్దయైన విద్యార్థి యొకడు రాత్రివేళ నిద్ర పట్టునంతవఱకు ఈతనిచే కథలు చెప్పించుకొనెడివాడు. చెప్పకున్న కొరడాతో గొట్టెడివాడు. దెబ్బలభయమున రాత్రికొక కథ కల్పింపవలసి వచ్చెను. తనలో నిద్రించుచున్న శక్తిని మేల్కొలిపినవాడు ఆ దుర్మార్గుడే యని కాలిన్సు పెద్దవాడైన పిదప చెప్పుకొనెను. గురువుగా నిలిచిన మనుష్యులలో ఇట్టివారును నుందురు. ఉపాధ్యాయులమైన మేము ఆ కథ విని సిగ్గుపడవలసినదే. మా పాఠములవలన కథకులైనవారి లెక్క చెప్పుట కష్టము.

1841లో తండ్రి ఆతనిని స్ట్రాండు వీథిలోని తేయాకు వర్తకుల కొట్టున గుమాస్తాగా బెట్టెను. అయిదేండ్లు అచట నుండి, చిట్టాలు వ్రాయవలసిన బల్లమీద కథలు వ్రాసెను. తొలి కథ 1843లో అచ్చుపడెను. 1846లో ధర్మశాస్త్రాభ్యాసమునకు లింకన్స్ ఇన్‌లో జేరి, 1851లో న్యాయవాదిపట్టము పొందెను గాని, వాదించిన వ్యాజ్యము లేదు. ఐనను ఆ చదువు వ్యర్థము గాలేదు. వీలునామాలు, వారసత్వములు, వివాహసమయపు ఆస్తి ఒడంబడికలు, స్త్రీధనమును భర్తలు కాజేయు మార్గములు, ఇవన్నియు ఆతని నవలలలో కీలకములైనవి. ఆ సంవత్సరమే చార్లెస్ డికెన్సుతో పరిచయ మయ్యెను. డికెన్సు అప్పటికే లోకప్రసిద్ధుడు, పత్రికాధిపతి, పండ్రెండేండ్లు పెద్దవాడు. వారిద్దఱు కలిసి తిరిగిరి, కలిసి వ్రాసిరి.

ఇక ఆతని పఠనమును గూర్చి. నవలాకారులలో స్కాటును చక్రవర్తిగా నెంచెను. ఫ్రెంచివాడైన బాల్జాకును మిక్కిలి గౌరవించెను. అయినను ఆతని వృత్తికి అక్కఱకు వచ్చినవి పెద్దల పుస్తకములు మాత్రమే కావు. డికెన్సుతో పారిసు వీథులలో తిరుగుచుండగా, పాతపుస్తకముల అంగడిలో, అట్టలూడిన కొన్ని సంపుటములు దొరకెను. అవి ఫ్రాన్సుదేశపు ప్రసిద్ధవ్యాజ్యముల వృత్తాంతములు. మేజాఁ అనునతడు సంకలనము చేసినవి. తన కథావస్తువులలో మేలైనవి కొన్ని ఆ చివికిన పుటలలో దొరకినవని కాలిన్సే చెప్పెను. అందొక వ్యాజ్యము 18వ శతాబ్ది చివరి నాటిది. ఆస్తికొఱకు బంధువులు ఒక జమీందారిణికి మత్తుమందిచ్చి, వేఱుపేరుతో పిచ్చివారి ఆశ్రయమున బంధించి, ఆమె చనిపోయినదని ప్రకటించి ఆస్తిని పంచుకొనిరి. ఆమె బయటపడియు, బ్రదికియున్న తానే తానని న్యాయస్థానమున రుజువు చేసికొనలేకపోయెను. ఈ బీజమునుండి 1859–60లో ‘శ్వేతవస్త్రధారిణి’ యని మనము చెప్పదగిన ఆతని గొప్పనవల మొలకెత్తెను.

బీజము పుస్తకమున దొరకినది. కథను చెప్పు తీరు న్యాయస్థానమున దొరకినది. 1856లో లండనున నొక నేరవిచారణ చూడబోయి, సాక్షులు ఒకరి వెంట నొకరు లేచి తాము కన్నంతమట్టుకు చెప్పుటయు, ఆ ముక్కలన్నియు గొలుసువలె కూడి యొక నిజమగుటయు చూచి, కథను ఇట్లే చెప్పరాదా యని తలంచెను. ఆ నాటినుండి ఆతని ముఖ్యనవలలలో కవి తానై కథ చెప్పడు. పాత్రలు సాక్ష్యమిత్తురు. ఎవ్వరును తమకు ఆ సమయమున తెలిసినదానికంటె ఎక్కువ చెప్పరాదు. మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను విభజించిరి. కాలిన్సు నవలలో ప్రతి సాక్షికిని ప్రత్యక్షము కొంచెము. అనుమానమంతయు పాఠకుని పాలు. కొండమీద పొగను చూపును గాని నిప్పును చూపడు. ఒక్కొక్కప్పుడు పొగవలె కనబడునది మంచు. హేత్వాభాసములను విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటె వినోదకరమైన మార్గము నాకు దోపదు.

ఇట్టి నిర్మాణమున తిథివారములు తప్పరాదు. ‘శ్వేతవస్త్రధారిణి’ని సమీక్షించిన ‘టైమ్సు’ పత్రిక, కథలో కీలకమైన యొక తేదీ పక్షము దినముల మేర తప్పినదని, ఆ లెక్కన కథ నిలువజాలదని చూపించెను. కాలిన్సు వాదింపలేదు. లెక్క చూచుకొని, తప్పు నంగీకరించి, తరువాతి ముద్రణమున దిద్దించెను. తన పుస్తకమున తప్పు చూపినవానిపై కోపగింపని పండితుని నేను కొద్దిమందినే యెఱుగుదును; నన్ను ఆ కొద్దిమందిలో జేర్చుకొనలేను.

1860 జూన్ నెల చివర విల్టుషైరు సీమలో రోడ్ అను గ్రామమున, కెంటు అను గృహస్థునియింట మూడేండ్ల బాలుడు రాత్రివేళ హత్య చేయబడెను. లండనునుండి వచ్చిన విచ్చర్ అను పరిశోధకుడు, ఇంటి యాడుబిడ్డయైన కాన్‌స్టాన్సు రాత్రియంగీ యొకటి తగ్గినదని చాకలిపద్దువలన గ్రహించి, ఆమెను అనుమానించెను. గౌరవకుటుంబపు కన్యపై నింద మోపెనని దేశమంతయు ఆతనిపై మండిపడెను. ఆతని ఉద్యోగము చెడెను. 1865లో ఆమెయే తన నేరము నొప్పుకొనెను. మూడేండ్ల తరువాత కాలిన్సు వ్రాసిన ‘మూన్‌స్టోన్’ నవలలో మాయమైన రాత్రియంగీ కలదు, చాకలిపద్దు కలదు, పెద్దింటివారికి అప్రియమైన అనుమానము చెప్పి వెళ్ళగొట్టబడిన కఫ్ అను సార్జెంటు కలడు. కవి హత్యను వదలి చౌర్యమును గ్రహించెను. పసివాని రక్తమును వదలి, అంగీమీది రంగుమరకను గ్రహించెను. లోకమును కలవరపఱచిన వ్యాజ్యమునుండి ఏది తీసికొనవలెనో, ఏది విడువవలెనో తెలిసిన చేయి యది.

ఇప్పుడు మూన్‌స్టోన్, అనగా చంద్రకాంతమణి. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలి టిప్పుసుల్తాను మరణించిన దినమున, హెర్న్‌కాసిల్ అను ఇంగ్లీషు సైనికోద్యోగి, కావలివారిని చంపి ఒక పచ్చవజ్రమును దొంగిలించుటతో కథ మొదలగును. అది పూర్వము సోమనాథమున దేవతావిగ్రహపు నొసట నుండినది. తరతరములుగా ముగ్గురు బ్రాహ్మణులు దానివెంట నుందురు. అర్ధశతాబ్ది తరువాత అది ఇంగ్లండున ఒక కన్యకు పుట్టినరోజు కానుకగా వచ్చి, ఆ రాత్రియే మాయమగును. ఎవరు తీసిరో నేను చెప్పను. చదువదలచినవారి నోటి ముద్దను లాగుట పాపము.

దీనికై కాలిన్సు ఏమేమి చదివెనో పరిశోధకులు గుర్తించిరి. లండనున నథీనియము అను సభవారి గ్రంథాలయమున కూర్చుండి, బ్రిటానికా విజ్ఞానసర్వస్వమును, కింగు అనునతడు రత్నములను గూర్చి 1865లో ప్రకటించిన గ్రంథమును, టాల్‌బాయిస్ వీలర్ వ్రాసిన హిందూదేశచరిత్రను చదివెను. ఈ వీలరు మనకు పరాయివాడు గాడు. 1858లో చెన్నపట్టణమునకు పత్రికాసంపాదకుడుగా వచ్చి, ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడై, 1861లో పాత మద్రాసు చరిత్రను ప్రకటించినవాడు. ఆతని హిందూదేశచరిత్రలో 1867లో వెలువడిన మొదటి సంపుటము వేదకాలమును, మహాభారతమును గూర్చినది. మన చెన్నపట్టణమున పాఠములు చెప్పినవాని చేతిమీదుగా భారతకథ లండనులోని కథకుని బల్లపైకి జేరినది. ఇవి చాలక, కాఠియావాడమున పనిచేసి వచ్చిన వైలీ యను ఉద్యోగిని ఉత్తరముల మూలమున ప్రశ్నించెను. కథ తుదిఘట్టము కాఠియావాడమున జరుగుటకు ఇదియే హేతువు.

తన మణికి రాజుల వజ్రములు రెండు మాతృకలని కాలిన్సు పీఠికలో చెప్పెను. ఒకటి రుష్యాచక్రవర్తి రాజదండమున నున్నది. దేవుని కన్నునుండి పెఱికినదని దానికొక ఐతిహ్యము. రెండవది కోహినూరు. పంజాబును కలుపుకొన్న పిదప 1850లో కుంఫిణీవారు దానిని ఇంగ్లండునకు గొనిపోయిరి. అది మన కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకినదని పెక్కుమంది నమ్మిక. 17వ శతాబ్దిలో ఆ గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది యందు పనిచేయుచుండిరని వ్రాసెను. కావున ఆ లండను గృహమున పోయిన కల్పితవజ్రమునకు మన మట్టితో చుట్టఱిక మున్నదని చెప్పుకొనవచ్చును.

ఇంత చదివినను మన సంగతులలో పొరపాట్లు లేకపోలేదు. సోమనాథమున చంద్రుడే మూలదేవత యైనట్లు కాలిన్సు వ్రాసెను. దక్షశాపమున క్షయగ్రస్తుడైన చంద్రుడు ప్రభాసతీర్థమున శివు నర్చించి శాంతి పొందెననియు, ఆ చంద్రునకు నాథుడగుటచే శివుడు సోమనాథుడయ్యెననియు మన పురాణము. పైగా విష్ణువు కలలో కనబడి బ్రాహ్మణులను కావలి పెట్టెనట! అర్చకుడు, అర్చ్యుడు, అధికారి ముగ్గురును తాఱుమాఱైరి. చంద్రకాంతమను శిలయు వేఱు, వెన్నెల సోకగానే నీరొలుకునని మన కవులు వర్ణించునది, వజ్రము గాదు. వేఱొక చోట మాత్రము ఆతడు మనవారిని నిలువునా పట్టుకొనెను. కథలోని హైందవులు ఒక పిల్లవాని అరచేత సిరాపోసి, అందు దూరదేశపు సంగతి చూడుమందురు. అంజనము వేయుట యెఱిగిన మన పల్లెలవారికి ఈ ఘట్టము క్రొత్త గాదు.

పొరపాట్లను ఎంచినంత మాత్రమున ఆతనికి న్యాయము చేసినట్లు గాదు. 1857 సంక్షోభమునాడు ఇంగ్లండు ఎంత యుడికిపోయెనో మనకు తెలియును. డికెన్సంతవాడు, తనచేత నైనచో ఆ జాతినే తుడిచివేయుదునని యొక లేఖలో వ్రాసెను. ఆ డికెన్సు పత్రికలోనే 1858 ఫిబ్రవరిలో కాలిన్సు, మన దేశపు నీతికథ నొకదానిని చెప్పి, సిపాయిలకు బోధింపదగిన నీతి వారి దేశపు గ్రంథములలోనే కలదని వ్రాసెను. పదేండ్లకు వ్రాసిన చంద్రకాంతమణిలో తొలిదొంగ ఇంగ్లీషువాడు. మణికొఱకు కులము నైనను విడిచి, సముద్రము దాటి, గారడివాండ్రుగా తిరిగిన ముగ్గురు బ్రాహ్మణులు హత్యకు వెనుదీయకున్నను, గ్రంథాంతమున వారియందు మనకు గౌరవము కలుగును. వారు మువ్వురు మూడు దిక్కులకు, ఎన్నడు మరల కలిసికొనరాని యాత్రకు, వేలాది జనము చూచుచుండగా విడిపోవు ఘట్టమును నేను చదివినపుడు కన్ను చెమర్చినది. పాలకజాతికి చెందినవాడు, పాలకులు చదువు వారపత్రికలో, దొంగసొమ్ము దొంగసొమ్మే యని 1868లో వ్రాసెను. ఇది చిన్న సంగతి కాదు.

ఆ నవల 1868 జనవరి 4 మొదలు ఆగస్టు 8 వఱకు 32 వారములు డికెన్సు పత్రికలో వెలువడెను. వారమువారము అచ్చునకు ఇయ్యవలెను, ఆగుటకు వీలులేదు. ఆ నడుమనే రెండు ఉపద్రవములు వచ్చినవి. మార్చి 19వ తేదీన తల్లి మరణించెను. అదే కాలమున కీళ్లవాతము కన్నులదాక పాకి, ఆతడు మంచము పట్టెను. బాధోపశమనమునకై సారాయిలో కరగించిన నల్లమందును సేవించుచుండెను. వేదనతో తానఱచుచుండగా వ్రాయసగాండ్రు భరింపలేక పాఱిపోయిరనియు, తుదకొక యువతి మాత్రము ఱాతిగుండెతో కూర్చుండి వ్రాసెననియు తరువాతి కాలమున ఆతడు మిత్రులతో చెప్పెను. తుదిభాగము చదువుకొనినప్పుడు అది తన రచనగా తనకే తోపలేదనియు ననెను. తల్లి మరణశయ్యపై నుండగా కథను చెప్పి వ్రాయించితినని 1871 నాటి పీఠికలోను ఉన్నది.

ఈ వృత్తాంతము నూరేండ్లు అందఱును నమ్మిరి. అయితే వ్రాతప్రతి మిగిలియున్నది. న్యూయార్కు నగరమున మార్గన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. పండితులు దానిని పుటపుటను పరీక్షింపగా, పరుల దస్తూరీ కొన్ని పుటలందే కనబడెను; తక్కినదంతయు, కొట్టివేతలతో, అంచులలో చేర్పులతో, కాలిన్సు స్వహస్తమే. మఱి ఆతడు అబద్ధమాడెనా? నాకట్లు తోపదు. పడకపై కన్నులు మూసికొని ఒక్కొక్క వాక్యమును ఇతరులచే వ్రాయించిన కొద్ది దినములే ఆతని మనస్సున వారములుగా, నెలలుగా పెరిగియుండును. బాధ పడినవాని జ్ఞాపకము ప్రమాణమే; కాగితమును ప్రమాణమే. రెండును భిన్నముగా సాక్ష్యమిచ్చినపుడు ఏమి చేయవలెనో ఆతని నవలయే మనకు నేర్పుచున్నది. చరిత్ర వ్రాయువారికిని ఇదే చిక్కు. గ్రామకైఫీయతులను, శాసనములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినవారు నేను చెప్పునది గ్రహింపగలరు.

కథలో నల్లమందునకొక ముఖ్యస్థానము కలదు. శరీరముపై దాని ప్రభావమును గూర్చి తాను వ్రాసినది గ్రంథములతోను, బ్రదికియున్న నిపుణులతోను సరిచూచుకొంటినని కాలిన్సు తొలిపీఠికలో చెప్పెను. కథలోని వైద్యసహాయుడు కార్పెంటరు, ఎలియట్సను అను వైద్యుల గ్రంథములను ఎత్తి చూపును. ఆ గ్రంథములకన్న దగ్గఱి ప్రమాణము ఆతని మంచము ప్రక్కనే సీసాలో నుండెను.

ఆ 32 వారములు లండనున జరిగిన తమాషాను ప్రకాశకుడు టిన్స్‌లీ తన జ్ఞాపకములలో చెప్పెను. క్రొత్త సంచిక వెలువడు దినమున పత్రికాకార్యాలయపు వీథి జనముతో నిండెడిదట. మూటలు మోయు కూలీలు మూట వీపుననే యుండగా వీథిలో నిలిచి చదివెడివారట. మణి ఎక్కడ దొరకునోయని పందెములు వేసికొనిరట. చదువురానివారికి చదువ నేర్చినవాడు వినిపించుట మన రచ్చబండల యాచారమే గదా. ఆ కూలీలను ఊహించుకొనుట మనకు కష్టము గాదు. కథలో బెటెరెజ్ అను ముదుసలి గృహనిర్వాహకుడు ‘రాబిన్సన్ క్రూసో’ నవలను వేదమువలె కొలిచి, చిక్కు వచ్చినపుడెల్ల తెఱచి, కనబడిన వాక్యమును శకునముగా గ్రహించును. రామాయణము తెఱచి శకునము చూచు పెద్దలు మా యింటను ఉండెడివారు. ఆ ముదుసలిని చూచి నేను ఎక్కువగా నవ్వలేకపోయితిని.

పందెము వేసికొననివాడు డికెన్సు. మొదట ఆ కథను మెచ్చి తన పత్రికకు గైకొన్నవాడే, 1868 జూలైలో దాని నిర్మాణము భరింపరాని విసుగు పుట్టించుచున్నదని సహసంపాదకునికి వ్రాసెను. మిత్రునిది అసూయయో, అభిప్రాయమో తేల్చుట నాకు శక్యము గాదు. రెండేండ్లకు, 1870లో, తానును రహస్యకథ నొకదానిని మొదలుపెట్టి, సగములోనే కన్నుమూసెను. అందలి రహస్యము ఆతనితోనే పోయినది.

నల్లమందు కాలిన్సును విడువలేదు. తరువాతి ఇరువదేండ్లు మోతాదు పెరుగుచునే వచ్చెను. రాత్రులలో తనవంటివా డొకడు తన వెనుక నిలిచియున్నట్లును, మెట్లమీద కోఱలుగల పచ్చని స్త్రీ యొకతె కనబడునట్లును చెప్పెడివాడు. చాల వ్రాసెను, వానిలో మునుపటి బిగువు తగ్గినదని విమర్శకుల మాట. అయితే పనియందు శ్రద్ధ తగ్గలేదు. 1889లో చివరి నవల సచిత్రవారపత్రికలో వెలువడుచుండగానే జబ్బుపడెను. ఇక తాను ముగింపలేనని తెలిసి, వాల్టర్ బెసంటు అను రచయితను ముగింపవలసినదిగా కోరెను. బెసంటు ఆ కాగితములు చూచి అచ్చెరువొందెను. ప్రతి ఘట్టము క్రమముగా వ్రాసియుండెను. సంభాషణలు సైతము అక్కడక్కడ పూర్తిగా నుండెను. తాను చేయవలసినదల్ల పూరించుటయే. కాలిన్సు సెప్టెంబరు 23వ తేదీన మరణించెను. పుస్తకము 1890లో వెలువడెను. పాఠకులకు చివరి ఆకు అందినది.

ఆ చంద్రకాంతమణి వెలుగు మన దేశమున ఏ యే త్రోవల ప్రసరించెనో చెప్పుటకు వేఱొక ప్రసంగము కావలెను. ఒక్కమాట మాత్రము చెప్పెదను. వంగదేశమున పాంచకడి దే వ్రాసిన పరిశోధక నవలలను తెనుగు చేసినవారిలో, 1911లో ఆంధ్రప్రచారిణీ గ్రంథమాలను స్థాపించిన వేంకటపార్వతీశ్వర కవులు కలరు. ‘ఏకాంతసేవ’ను రచించిన ఆ జంటకవులు ఈ పనిని తమ గౌరవమునకు కొఱతగా నెంచలేదు. నేను ఆ సంగతి తెలిసికొన్నది చాల ఆలస్యముగా.

ఇక నా బీరువాలోని పుస్తకము. 28వ దినమున ఆ బాలుడు బడికి రాలేదు. మఱునాడు వచ్చినపుడు చేతిపై వాతలుండెను. అడుగగా, అద్దె ఏడు రూపాయలైనదని కొట్టువాడు తండ్రితో చెప్పెనట. మధ్యాహ్నమున తినుబండారములకై యిచ్చిన డబ్బులను వాడు నెలనాళ్లు దాచియు మూడు రూపాయలకు మించలేదట. నేను పుస్తకము తీసి, వానితో గూడ బస్సులు నిలుచు చోటికి నడచితిని. దారిలో ఎట్టకేలకు అడిగితిని: “చివరి ఆకు నీవే చింపితివా?”

“లేదు మాస్టారూ. ఆ ఆకు కొట్టాయన దగ్గరే ఉంటుందండి. పుస్తకం తిరిగిచ్చి అద్దె కట్టినవాళ్లకే చదవనిస్తాడు.”

ఏడు రూపాయలు చెల్లించితిని. కొట్టువాడు గల్లాపెట్టె అడుగునుండి నాలుగు మడతలుగా నున్న ఆకును తీసి యిచ్చెను. బాలుడును నేనును కొట్టు అరుగుమీద నిలిచి, చెఱియొక అంచు పట్టుకొని దానిని చదివితిమి. హంతకుడు నే ననుకొన్నవాడు గాడు. వాడు మొదటినుండియు అనుకొన్నవాడే.